సోటులేదమ్మ లాంతరు

లీలారాణి పట్టిన బెల్లం పాకం ముదిరిపోయింది. కోటబొమ్మాళిలో ఇలాంటిది జరుగుతుందని ఎవరూ అనుకోలేదు. ఆవిడ అరిసెల పాకం పొయ్యిమీద పెట్టిందంటే, స్టేషన్లో ఆగిన ప్యాసింజరు బండి ఆ వాసన పోయేదాకా కదలదని వీధిలో చెప్పుకుంటారు. డ్రైవరు దిగొచ్చి ఆకులో రెండు పెట్టించుకుని వెళ్లాడని కూడా అంటారు. అలాంటి పాకం ముదిరింది.

తప్పు శాంతికుమార్‌ది. చర్చి యువజనులకి సెక్రటరీ అతను. ఆవిడ పాకం చుక్కని గిన్నెలో నీళ్లలో వేసి, రెండు వేళ్లతో ఉండ కడుతున్న సమయంలోనే గుమ్మంలోకి వచ్చాడు.

"పిన్నీ, ఈసారి క్రిస్మస్ ముందు సాయంత్రం చర్చి ముందర పెద్ద తెర కట్టిస్తన్నాం. మన సినిమా ఏస్తాం."

"ఏటి సినిమా?"

"ఏటంటావేటి పిన్నీ! కేబుల్ కొత్తల్లో గణపతిరావు గారు తీసినాది. క్రిస్మస్ కథ. మన చర్చోళ్లే అందరూ ఏసాలు కట్టినారు గదా. ఈ సుట్టుపక్కల టీవీ కోసం తీసినాది మొట్టమొదట అదేనట. ఇప్పటి పిల్లలు ఒక్కలూ సూడలేదు."

ఉండ కడుతున్న వేళ్లు నీళ్లలోనే ఆగిపోయాయి.

"ఆ క్యాసెట్ ఇంకా ఉన్నాదేటి?"

"ఉన్నాదంట. రేపు సాయంత్రం నరసన్నపేట ఎల్లి తెస్తాను."

పక్కింటి గోడ మీంచి ఒక ముసలి తల లేచింది. బుల్లమ్మ తల అది. బుల్లమ్మ చెవులకి గోడలు అడ్డం కావు. పక్కవీధిలో పాలు పొంగితే ఈ వీధిలో కేకేసి పొయ్యి ఆర్పిస్తుంది.

"అయితే సోటులేదమ్మ మళ్లీ వస్తాదన్నమాట! ఓలమ్మో, ఎన్నాళ్లయినాదో సూసి! ఆ సినిమా ఏసిన రోజు ఊరకుక్కలు కూడా మొరగడం మానేసి టీవీ ముందు కూకున్నాయిరా బావూ."

లీలారాణి వెనక్కి తిరిగి చూసింది. వంటగదిలో కోడలు షాలిని తడిపిండి జల్లిస్తోంది. ఆరో నెల. పొట్ట అడ్డం వస్తోందని కాళ్లు బారజాపుకుని, జల్లెడ ఒక పక్కగా పట్టుకుంది. కిందటి వేసవిలో పెళ్లయి గరివిడి నుంచి వచ్చింది. ఈ ఊళ్లో ఆమెకి ఇదే మొదటి క్రిస్మస్.

"ఎవులత్తా సోటులేదమ్మంటే?" అంది షాలిని నవ్వుతూ.

"ఎవులూ లేరు. పిండి ఆరిపోతాది, తొరగా జల్లించు."

అప్పటికి బెల్లం మాడు వాసన వచ్చింది. లీలారాణి గబగబా గిన్నె దించి పిండి కలిపింది. తెడ్డు తిరగలేదు. ఒత్తిన అరిసెలు నూనెలోంచి పెంకుల్లా పైకి తేలాయి.

శాంతికుమార్ వెళ్లిపోయాడు. గోడమీది తల దిగిపోయింది. ఆవిడ మాత్రం పీటమీంచి లేవలేదు. వంటగది అవతల కొత్తగా సున్నం వేసిన గది కనిపిస్తోంది. నిన్నటిదాకా అక్కడ ధాన్యం బస్తాలుండేవి. కొడుకు ఏసురాజు, తను కలిసి వాటిని వసారాలోకి మార్చారు. కిటికీకి దోమల జాలీ కొట్టారు. కొత్త నులకమంచం వేశారు.

ఆ గది షాలిని కోసం. తొలి కాన్పు పుట్టింట్లో కావాలి. అయితే షాలినికి తల్లి లేదు. అన్నావదినలు రమ్మన్నారు గాని, షాలిని వెళ్లనంది. "మా అమ్మ ఉంటే ఎల్దును అత్తా. అమ్మ లేని ఇల్లు నాకేటి? నీ కాడే కంటాను" అంది. ఆ మాట విన్న రోజు లీలారాణి దొడ్లోకి పోయి, గేదెకి కుడితి పెడుతున్నట్టు నటించి, కళ్లు తుడుచుకుని వచ్చింది.

ఇప్పుడు ఆ పిల్ల చర్చి ముందు కుర్చీలో కూర్చుంటుంది. ఊరంత తెరమీద తన అత్త, క్రిస్మస్ కథలో సత్రం ఆవిడ వేషంలో, ఒక నిండు చూలాలిని గుమ్మంలోంచి గెంటేస్తుంది. ఊరంతా పగలబడి నవ్వుతుంది.

*

మర్నాడు పొద్దున్నే లీలారాణి నరసన్నపేట బయల్దేరింది. కళ్లద్దాల ఫ్రేము విరిగిందని చెప్పింది. నిజంగానే విరిగింది, అయితే విరగ్గొట్టింది తనే.

"నానూ వస్తానత్తా. పండక్కి సీర కొనుక్కుంటాను."

"బస్సు కుదుపులు నీకేలమ్మీ? ఏసురాజు తెస్తాడు."

"ఆడు తెస్తే గోనెసంచి రంగు తెస్తాడు. నానొస్తాను."

బస్సులో కిటికీ పక్క సీటు సంపాదించి కోడల్ని కూర్చోబెట్టింది. పక్కసీటులో తను కూర్చుంది. టెక్కలి రోడ్డు దాటకముందే చంటిపిల్లతో ఒక ఆడమనిషి ఎక్కింది. లీలారాణి లేచి నిలబడింది.

"నువ్వెప్పుడూ ఇంతేనేటత్తా?" అంది షాలిని. "మొన్న ఆటోలోనూ అంతే. ఎవులో ఎక్కితే దిగిపోయి నడిసొచ్చినావు."

లీలారాణి పైకమ్మీ పట్టుకుని బయటికి చూసింది. ఆవిడ బస్సులో కూర్చుని దిగడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. మనిషి ఎక్కితే లేస్తుంది. మేక ఎక్కినా లేస్తుందని ఆ రూటు కండక్టరు చెబుతాడు.

నరసన్నపేటలో బట్టలకొట్టు గుమ్మందాకా తీసుకెళ్లి, కొట్టువాడి చేత స్టూలు వేయించింది.

"ఇక్కడే కూకో. అన్నీ తీయించి సూడు. నచ్చకపోతే మళ్లీ తీయించు. నాను కళ్లద్దాల కొట్టుకి ఎల్లొస్తాను. నాను వచ్చేదాకా కదలొద్దు."

"ఇన్ని సీరలు వదిలి నానెక్కడికెల్తానత్తా?"

లీలారాణి కళ్లద్దాల కొట్టు దాటింది. మిల్లు దాటింది. హైవే వైపు సందులోకి తిరిగింది. నడక పరుగైంది.

*

గణపతిరావు కొట్టు బయట పాత డిష్షులు ఒకదాంట్లో ఒకటి బోర్లించి గోపురంలా పేర్చి ఉన్నాయి. వాటిలో పిచ్చుకలు కాపురం పెట్టాయి. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కేబుల్ ఈయనదే. ఇప్పుడు రిమోట్లు బాగుచేస్తాడు.

"లీలమ్మా! నువ్వేటిక్కడ?"

"బావూ, ఆ క్యాసెట్ నీ కాడున్నాదంట."

"ఉన్నాది. శాంతికుమారు సాయంత్రం వస్తాడు. పండక్కి ఏస్తారంట, నాకెంత సంతోసమో..."

"ఆడికియ్యొద్దు."

గణపతిరావు చేతిలోని స్క్రూడ్రైవరు బల్లమీద పెట్టాడు. ఆవిడ నిలబడే ఉంది. చెంగు కొస మెలితిప్పుతూ ఉంది.

"దాన్ని సెరిపీ బావూ. నాకు మరే కోరికా లేదు."

"నా మొదటి సినిమా అది. పెళ్లిళ్లు తీసే కెమెరాతో తీసినాను. అంతకు ముందు ఈ సైడు ఎవుడైనా తీసినాడా? దాన్ని సెరిపీమంటావా?"

"నీకు సినిమా. నాకేటి? ఆ ఏసం ఎవులూ ఏసుకోనన్నారు. బుల్లమ్మప్ప కాదంది, పాస్టరమ్మ కాదంది. కడుపుతో ఉన్న మనిషిని ఎల్లగొట్టే ఏసం మాకొద్దన్నారు. ఒక్క మాట అని తలుపేసీడమే, అయిపోతాదని నన్ను లాగినావు. టీవీలో ఏసిన మర్నాడు కుళాయి కాడ నా బిందెకి సోటు లేదన్నారు. చర్చిలో బల్లమీద కూకోబోతే సోటు లేదన్నారు. నవ్వులాటకే అన్నారు. మా ఆయన్ని మట్టి సేసిన రోజు కూడా ఎవుడో వెనకాల అన్నాడు బావూ, సమాధుల్లో సోటుందేటని."

గణపతిరావు తల దించుకున్నాడు.

"నువ్వు మరీ బాగా సేసినావు లీలమ్మా. అదే తప్పు."

"ఇంట్లో కోడలుంది. తల్లి లేని పిల్ల. కడుపుతో ఉన్నాది. నన్ను నమ్ముకున్నాది." ఆవిడ చెంగు వదిలేసింది. "నా లాంతరు పట్టుకుపోనావు ఆ రోజు. అద్దానికి బీటున్న మా అత్తగారి లాంతరు. సినిమా అయిపోగానే ఇస్తానన్నావు. ఎన్నిసార్లు అడిగినానో! ఇప్పుడిచ్చీ."

"అదెక్కడుందో నాకు తెల్దు. సామాన్లలో పోనాది."

"అయితే దాని బదులు ఇది సెరిపీ. నా లాంతరు ఇక అడగను."

గణపతిరావు లేచి, అటకమీంచి రేకుపెట్టె దింపాడు. పెట్టెలో బియ్యం పోసి ఉన్నాయి. చెమ్మ తగలకుండా క్యాసెట్‌ని బియ్యంలో పాతిపెట్టాడు, మామిడికాయల్ని మగ్గేసినట్టు. పైకి తీసి దులిపాడు. మూత ఎత్తి చూస్తే రీలు అంచున తెల్లగా బూజు. దూదిని స్పిరిట్‌లో ముంచి, పెన్సిలుతో చక్రం తిప్పుకుంటూ, పసిపిల్ల చెవులు తుడిచినంత మెల్లగా తుడిచాడు. ఆవిడ గుమ్మంవైపు చూస్తూనే ఉంది.

"తొరగా కాదేటి?"

"బూజుతో పెడితే మిషను రీలు నమిలీస్తాది. మిషనూ పోతాది."

"నమిలీనీ."

"సెరపడానికైనా తిరగాల గదా!"

క్యాసెట్ వెన్నుమీద ఒక మూల చిన్న గుంట ఉంది. దాన్ని వేలితో చూపించాడు. "ఇక్కడో పలక ఉండీది. పొరపాటున దీనిమీద ఇంకేటీ ఎక్కకుండా తీసిన రోజే విరిసీసినాను. పెళ్లి క్యాసెట్లు ఎన్నో మళ్లీ మళ్లీ వాడీసినాను గాని, దీన్ని ముట్టుకోలేదు." సొరుగులోంచి ప్లాస్టర్ తీసి, చిన్న ముక్క కత్తిరించి, ఆ గుంటమీద అంటించి నొక్కాడు. "ఇప్పుడు ఎక్కుతాది."

మిషన్లో పెట్టాడు. పాత టీవీలో గీతలు పరుగెత్తాయి. ఏవో బొమ్మలు వంకర్లు తిరిగి నిలబడ్డాయి.

"ఇదే. సూసుకో. స్టాప్ నొక్కి, తర్వాత ఈ ఎర్రది నొక్కు. ఇక్కడ్నించీ నల్లగా అయిపోతాది."

"నువ్వే నొక్కు."

"నా సేత్తో నాను సెరపలేను లీలమ్మా. నువ్వే నొక్కుకో."

ఆయన పక్కకి జరిగాడు. లీలారాణి మిషను ముందు వంగింది. వేలు చాపింది. తెరమీద చీకటి వీధి. మగాడొకడు, అతని భుజం పట్టుకుని ఒక చూలాలు, ఒక్కో గుమ్మం దగ్గరా ఆగుతున్నారు. కథలో ఊరు ఎక్కడిదైనా, గుమ్మాలు మాత్రం కోటబొమ్మాళివే. అరుగులు కోటబొమ్మాళివే. వాళ్లు ఆఖరి గుమ్మం దగ్గరికి వస్తున్నారు. ఆవిడ వేలు స్టాప్ బటన్ మీద ఆనింది.

"అత్తా!"

గుమ్మంలో షాలిని నిలబడి ఉంది. చంకలో బట్టలకొట్టు సంచి. రొప్పుతోంది.

"కళ్లద్దాల కొట్టుకెల్తే రాలేదన్నాడు. ఇటు తిరిగినావని మిల్లుకాడ సెప్పినారు. నాకు కాళ్లాడలేదనుకో, ఏటైపోనావో అని..."

గణపతిరావు గబుక్కున కుర్చీ లాగి వేశాడు. షాలిని కూర్చుంది. నుదురు తుడుచుకుంటూ టీవీ వైపు తిరిగింది. లీలారాణి వేలు బటన్ మీదే ఉంది. నొక్కితే ఏమిటది, ఎందుకాపావు అంటుంది. నొక్కకపోతే చూస్తుంది.

తెరమీద తలుపు తెరుచుకుంది. ఒక పడుచుది బయటికి వచ్చింది. చేతిలో లాంతరు. దాన్ని ఎత్తి, ఎదుటి ఆడదాని ముఖంలోకి చూసింది. పొట్టని చూసింది.

"సోటు లేదు! పొండి పొండి!"

కంచు మోగినట్టున్న గొంతు. కొట్టు బయట డిష్షుల్లోని పిచ్చుకలు లేచిపోయాయి. లీలారాణి కళ్లు మూసుకుంది.

"ఎవులత్తా ఆవిడ?"

గణపతిరావు గోడమీది క్యాలెండరు చదువుతున్నాడు.

"పాపం," అంది షాలిని.

"అవును, పాపం. నిండు సూలాలు," అన్నాడు గణపతిరావు, ఏదో ఒకటి అనాలని.

"ఆవిడ కాదు బాబాయ్. ఈవిడ. సోటు లేదని సెప్పీసి, సూడు, లాంతరు బయట అరుగుమీద పెట్టీసి ఎల్లింది. లోపల సీకటే గదా ఇప్పుడు. ఆల్లు సీకట్లో ఎలా ఎల్తారని పెట్టుంటాది."

లీలారాణి కళ్లు తెరిచింది. తెరమీద తలుపు మూసి ఉంది. అరుగుమీద లాంతరు వెలుగుతోంది. చూలాలి మొగుడు దాన్ని తీసుకుని నడిచాడు. బొమ్మ గెంతింది. పశువుల సాల. గడ్డిమీద చూలాలు. పైన దూలానికి అదే లాంతరు, అద్దంమీద అడ్డంగా అదే బీటతో.

"ఆ లాంతరు!" గణపతిరావు నెత్తి కొట్టుకున్నాడు. "లోపలికి పట్టుకుపో అని సెప్పినాను లీలమ్మకి. మరిసిపోయి బయట పెట్టీసినాది. మళ్లీ తీద్దారంటే క్యాసెట్లో సోటు... అదే, రీలు లేదు. కరెంటు పోనాది. సాలలో తియ్యడానికి ఊళ్లో మరో దీపం లేదు. ఆడు సేతిలో పట్టుకున్నాడు గదా, అదే ఏలాడదీసి తీసీమన్నాను. తప్పుల్లో తప్పు కలిసిపోనాది."

"లీలమ్మా?" షాలిని గబుక్కున అత్తవైపు తిరిగింది.

లీలారాణి వంగినదల్లా నిటారుగా నిలబడింది.

"నానే. సోటులేదమ్మని నానే. మీ అత్తనే."

షాలిని టీవీ వైపు చూసింది, ఆవిడ వైపు చూసింది. ఆ ముఖం తలుపులా మూసుకుపోతుందని లీలారాణి ఎదురు చూసింది.

"లాంతరు ఆల్ల కోసమే పెట్టినావేటత్తా?"

అబద్ధమాడొచ్చు. అవునంటే సరిపోతుంది. కోడలు ఆ మాట నోటికి అందిస్తోంది.

"లేదమ్మీ. ఆ గడియ బరువైనాది. రెండు సేతులూ పెడితే గాని పడదు. అందుకని కింద పెట్టినాను."

షాలిని ఆలోచించింది. "గడియ లోపలి పక్క గదా. లాంతరు కూడా లోపలే కింద పెట్టొచ్చు గదా?"

లీలారాణి సమాధానం చెప్పబోయింది. ఆ రోజు గుమ్మంలో తన కాళ్లు, తన చేతులు గుర్తు తెచ్చుకోవడానికి చూసింది. లాంతరు పిడి వేడి గుర్తుంది. ఎదురుగా ఆ పిల్ల పొట్టకి కట్టిన గుడ్డల మూట జారిపోతుంటే నవ్వొచ్చినట్టు గుర్తుంది. లాంతరు ఎందుకక్కడ పెట్టిందో గుర్తు లేదు.

మిషన్ని ఆపింది. ఎర్ర బటన్ నొక్కలేదు. పక్కనున్న ఇంకో బటన్ నొక్కితే క్యాసెట్ బయటికి వచ్చింది. వెన్నుమీది ప్లాస్టర్ ముక్క అంచుని గోటితో గీకింది. అది గట్టిగా అంటుకుపోయింది. మళ్లీ గీకింది. ఓపిగ్గా, ఉల్లిపొర తీసినట్టు, చిరగకుండా మొత్తం తీసేసింది. ఆ ముక్కని బల్ల అంచుకి అంటించి, క్యాసెట్‌ని బియ్యంలో పెట్టింది.

"శాంతికుమారుకిచ్చీ బావూ."

"నిజంగానేటి?"

"ఇచ్చీ. మరి నా లాంతరు నాకు కావాల. అటక ఎతుకు."

*

క్రిస్మస్ ముందు సాయంత్రం తెర కట్టారు. తెర ఎంత పెద్దదంటే, దానిమీద తల చూడాలంటే ముందువరస వాళ్లు వెనక్కి పడుకోవాల్సి వచ్చిందని తర్వాత చెప్పుకున్నారు. అరిసెలు పంచారు. లీలారాణి చేసిన ఆ అరిసెల్ని జనం కొరికిన చప్పుడు స్పీకర్ల కన్నా గట్టిగా వినబడింది.

"ఒసే లీలా, నీ అరిసికి నా ఉన్న పన్ను కూడా ఊడిపోనాదే," అంటూ బుల్లమ్మ వచ్చి ముందు కుర్చీలో కూలబడింది. "వస్తన్నాది, నీ బొమ్మ వస్తన్నాది."

లీలారాణి కుర్చీ చేతులు పట్టుకుంది. పక్కన షాలిని, కొత్త చీరలో. అవతల ఏసురాజు. తెరమీద ఆఖరి గుమ్మం వచ్చింది. చర్చి ముందరంతా ఒక్కసారి సర్దుకుంది. పెద్దవాళ్లు పిల్లల్ని మోచేత్తో పొడిచి, చూడు చూడు అన్నారు. తలుపు తెరుచుకుంది. లాంతరు పైకి లేచింది.

"సోటు లేదు! పొండి పొండి!"

ఊరంతా ఒకే గొంతుతో అరిచింది. తర్వాత నవ్వు. ఆ నవ్వు కుర్చీల మీంచి దొర్లుకుంటూ వచ్చి లీలారాణి దగ్గర ఆగింది. తలలన్నీ వెనక్కి తిరిగాయి. ఆవిడ తెరమీంచి చూపు తిప్పలేదు. షాలిని చెయ్యి వచ్చి ఆవిడ మోకాలి మీద పడింది.

"లాంతరు సూడండి," అంది షాలిని. గట్టిగా అనలేదు. ముందు వరస దాకా వినబడింది, అంతే.

బుల్లమ్మ తెరవైపు తిరిగింది. మూసిన తలుపు. అరుగుమీద వెలుతురు. చూలాలి మొగుడు దాన్ని అందుకున్నాడు. పశువుల సాల వచ్చింది. దూలానికి లాంతరు ఊగుతోంది. దాని వెలుగులో గడ్డి పచ్చగా, ఆ పిల్ల ముఖం ఎర్రగా మెరిశాయి. కాసేపటికి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. అప్పట్లో ఎవరి బిడ్డనో గిల్లి ఏడిపించారు. ఎవరూ నవ్వలేదు.

బుల్లమ్మ కుర్చీలోనే మెల్లగా వెనక్కి తిరిగింది.

"ఒసే లీలా. ఆ ఏలాడుతున్నది మీ అత్తగారి లాంతరు కాదేటే? బీటుంది సూడు అద్దానికి."

"అదే అప్పా."

"అయితే అక్కడ బిడ్డ పుట్టినాది నీ దీపంతోనేటే!"

తెరమీది వెలుగు అందరి ముఖాల మీదా ఊగింది.

"మరి తిరిగిచ్చినారేటే ఆ లాంతరు?" అంది బుల్లమ్మ, ఊరందరి తరఫునా కోపం తెచ్చుకుని.

"ఎక్కడప్పా," అంది లీలారాణి. "ఇంకా ఇవ్వలేదు."